కుళాయికి తగిలించిన కళ్ళజోడు

మనిషికి నలత చేస్తే నెత్తురు చూడాలి, బండికి నలత చేస్తే నూనె చూడాలి. ఈ మాట రోజుకొక్కసారైనా అనకపోతే ఆవిడకు ముద్ద దిగదు. అనే హక్కూ ఉంది మరి. ముప్ఫై రెండేళ్ళుగా రక్తపరీక్షల లేబొరేటరీలో కూర్చుని ఊళ్ళో సగం మంది నెత్తురు చూసిన మనిషి. ఆదివారం మాత్రం తెల్లకోటు మేకుకు తగిలించి, మోచేతుల దగ్గర చిరిగిన నీలం చొక్కా తొడుక్కుని, ఇంటి వెనక రేకుల షెడ్డులో దూరుతుంది. లేబొరేటరీలో అందరూ మేడమ్ అంటారు. వీధిలో అందరూ నూనెక్క అంటారు. రెండో పిలుపుకే ఆవిడ చప్పున పలుకుతుంది.

నూనె చూడడమంటే ఏదో వేలు ముంచి ఇలా అలా రుద్ది చూడడం కాదు. లేబొరేటరీలో అంచులు నలిగి పక్కన పడేసే వడపోత కాగితాలు తెచ్చుకుని, వాటిమీద ఇంజను నూనె ఒక్క చుక్క వేసి, ఆరనిచ్చి, చుక్క చుట్టూ విచ్చుకున్న వలయాలను చూస్తుంది. నడుమ నల్లగా గడ్డకట్టి నిలిచిపోతే నూనె మార్చాలి. అంచుదాకా తేటగా పాకితే ఇంకో నెల ఆగొచ్చు. ప్రతి కాగితం మీదా తారీఖు వేసి దాచుకుంటుంది. ఆ కాగితాలను ఆవిడ భర్త మూడు సంపుటాలుగా బైండు చేసి, అట్టమీద బంగారు అక్షరాలతో ‘నూనె’ అని కూడా అచ్చొత్తించాడు. ఇంటికొచ్చిన చుట్టాలు ఏదో పెద్ద గ్రంథమనుకుని తెరిచి, మరకలు చూసి, మర్యాదగా మూసేస్తారు.

షెడ్డులో ఉన్న ఆ బండి ఒక పాత మోటారుసైకిలు, ఆవిడకంటే పదకొండేళ్ళు పెద్దది. ఒంటి సిలిండరు, నల్లరంగు. పెట్రోలు టాంకు మీద బంగారు గీత ఉందని ఆవిడ అంటుంది, మనం నమ్మాలి. అది ఇంటికి బండిలా రాలేదు. మూడు గోనెసంచులుగా, ఒక ట్రంకుపెట్టెగా వచ్చింది. లేబొరేటరీ పక్క గదిలో ఎక్స్‌రేలు తీసే పెద్దాయన ఉద్యోగం మానేసి వెళ్ళిపోతూ, విప్పడం చేతనైంది గానీ బిగించడం చేతకాలేదని ఒప్పుకుని, ఆవిడ చేతి నిదానం చూసి అప్పగించి చేతులు దులుపుకున్నాడు. బిగించడానికి రెండేళ్ళు పట్టింది. అంతా అయ్యాక నాలుగు మరలు మిగిలిపోయాయి. అయినా బండి నడిచింది. ఆ నాలుగూ ఎక్కడివో ఇప్పటికీ తెలియదు. నడుస్తున్న బండిని ప్రశ్నలడగకూడదని ఆవిడ నియమం.

భర్తను సంపాదించి పెట్టింది కూడా ఆ బండే. దాంతోపాటు వచ్చిన మరమ్మతుల పుస్తకం నూనెకు నాని, కుట్లు తెగి, పేజీ ముట్టుకుంటే ఊడివచ్చేలా ఉండేది. దాన్ని బైండింగు చేసే ఒక కుర్రాడి దగ్గరికి పట్టుకెళ్ళింది. అతను ఒక్కో పేజీ మీదా సుద్దపొడి చల్లి, నూనె పీల్చనిచ్చి, దులిపి, మళ్ళీ చల్లి పదిహేను రోజులు చేశాడు. ఆ పదిహేను రోజులూ ఆవిడకు రోజుకొక పేజీలో సందేహం వచ్చేది. ఆఖరికి పుస్తకమూ కుదురుకుంది, పెళ్ళీ కుదిరింది. ఆడపడుచు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. మా వదినకు రెండు కాపురాలు, షెడ్డులోదే మొదటిది అంటుంది.

పెళ్ళయి ఇరవై ఎనిమిదేళ్ళయినా ఆయన ఆ బండి మీద కూర్చోలేదు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా కూర్చోలేదు. ప్రతి ఆదివారం ఆవిడ బండి వీధిలోకి దింపి, వస్తారా అని అడిగేది. జిగురు ఆరిపోతుంది, నువ్వెళ్ళిరా అనేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆరకుండా ఉన్న ఆ జిగురు ఏం జిగురో ఆ దేవుడికే ఎరుక. అసలు సంగతి భయం. దాన్ని ఆయనా దాచుకోలేదు. నా పనికి రెండు చేతులూ కావాలి, రెండు కాళ్ళూ ఉంటే ఇంకా మంచిది అనేవాడు. ఆవిడ నవ్వేసి వెళ్ళిపోయేది. కానీ గుట్టమీది నీళ్ళట్యాంకు దాకా వెళ్ళి, ఊరంతా కింద పరుచుకుని ఉంటే, ఇది చూపించడానికి పక్కన మనిషి లేడే అని ప్రతిసారీ మనసు చివుక్కుమనేది. ఆవిడకు లోకంలో తీరని కోరికంటూ ఉంటే అదొక్కటే, ఆయన తన వెనక కూర్చోవడం.

ఇక ఈ బండి నూనె మర్మం చెప్పుకోకపోతే కథ ముందుకు కదలదు. ఇప్పటి బండ్లకు నూనె ఇంజను అడుగునే ఉంటుంది. దీనికి అలా కాదు, సీటు కింద కుడిపక్కన నూనెకు వేరే టాంకుంది. అక్కణ్ణుంచి ఒక పైపులో నూనె దిగుతుంది. పంపు దాన్ని ఇంజనులోకి తోసి, పని అయ్యాక ఇంకో పైపు ద్వారా మళ్ళీ టాంకులోకే ఎత్తిపోస్తుంది. స్టార్టు చేశాక టాంకు మూత తీసి చూస్తే, లోపల చిన్న గొట్టం మూతిలోంచి నూనె ఉండుండి ఉమ్ముతూ కనిపించాలి. కనిపిస్తే ఇంజను క్షేమం. అది కళ్ళారా చూడందే ఆవిడ గేరు వేయదు.

అంత పనిమంతురాలైన పంపుకు వయసుతో ఒక దుర్గుణం అబ్బింది. లోపలి పళ్ళు అరిగిపోయి, బండి నిలబెట్టి ఉన్నప్పుడు టాంకులోని నూనెను గుట్టుచప్పుడు కాకుండా ఇంజను పొట్టలోకి జారనిచ్చేది. వారం తర్వాత కిక్కు కొడితే ఆ నూనంతా పొగై లేచేది. ఒక ఆదివారం లేచిన పొగకు పక్క వీధివాళ్ళు ఫైరింజనుకు ఫోను చేశారు. ఆడపడుచు ఆరేసుకున్న ఆరు దుప్పట్లు మళ్ళీ ఉతుక్కుంది, ప్రతి దుప్పటికీ ఒక తిట్టు చొప్పున తిట్టింది. ఆ మర్నాడే ఆవిడ నూనె పైపు మధ్యలో ఒక చిన్న ఇత్తడి కుళాయి బిగించింది. బండి పెట్టేశాక కుళాయి మూస్తే నూనె ఎక్కడిదక్కడే ఉంటుంది. తీసేముందు తెరవాలి.

తెరవడం మరిచిపోతే? పాత బండ్లవాళ్ళకు పీడకలల్లో వచ్చేది ఇదే. చుక్క నూనె అందక ఇంజను పొడిపొడిగా తిరుగుతుంది, రెండు మూడు మైళ్ళలో పిస్టను సిలిండరును కరుచుకుని బిగుసుకుపోతుంది. ఆ పిస్టను చేసిన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతబడింది. అంటే బండి మళ్ళీ మూడు గోనెసంచులు. అందుకని కొందరు కుళాయికి ఎర్రగుడ్డ కట్టుకుంటారు, కొందరు హ్యాండిలుకు చీటీ అంటిస్తారు. ఆవిడ వాటిని చూసి నవ్వేది. రోజూ కనపడే చీటీ నాలుగో రోజుకు కంటికి ఆనదని ఆవిడ వాదన. మరచిపోలేని వస్తువొకటి ఉండాలి. ఆవిడకు చిన్నప్పటినుంచీ దూరపు చూపు లేదు. ఇంటికీ ఉద్యోగానికీ ఒక కళ్ళజోడు, బండి నడపడానికి లావుపాటి సోడాబుడ్డి అద్దాలు. ఆ సోడాబుడ్డి జోడు లేకపోతే గేటు ఎటుందో కూడా తెలియదు. కుళాయి మూసి, దానికే ఆ జోడు తగిలించేది. జోడు కావాలంటే కుళాయి దగ్గరికే రావాలి, వచ్చిందంటే తెరుస్తుంది. ఏడేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఈ ఉపాయానికి తనకు బిరుదివ్వాలని ఆవిడ గట్టి నమ్మకం.

అలాంటి మనిషికి యాభై ఎనిమిదో ఏట రెండు కళ్ళకూ శుక్లాలు వచ్చాయి. వడపోత కాగితం మీద వలయాలన్నీ ఒకే గోధుమరంగు ముద్దగా కనిపించడం మొదలుపెట్టాయి. ఆపరేషను చేసి లోపలే అద్దం పెడతామని, ఇక దూరానికి కళ్ళజోడే అక్కర్లేదని కంటి డాక్టరు చెప్పాడు. వేలమంది చేతుల్లో నవ్వుతూ సూది గుచ్చిన మనిషి, తన కంటి దగ్గరికి సూది వస్తుందనేసరికి హడలిపోయింది. ముందురోజు సాయంత్రం మంచం మీద ముడుచుకుని కూర్చుని, ఈ చూపు చాలు, నేను రాను అని మొండికేసింది. భర్త చాలాసేపు పక్కనే కూర్చున్నాడు. ఆయనకు ధైర్యం చెప్పడం చేతకాదు, తన దగ్గరున్నదే తక్కువ కాబట్టి.

"చూపొచ్చాక నీ బండెక్కుతాను," అన్నాడు ఉన్నట్టుండి. "గుట్టమీది దాకా. కానీ దారిలో బండి ఒక్కసారి ఆగిందా, దిగి ఇంటికి నడిచొచ్చేస్తా. మళ్ళీ జన్మలో అడగొద్దు."

ఆవిడ మొండితనం దెబ్బకు ఎగిరిపోయింది. మర్నాడు ఆస్పత్రికి భర్త కంటే నాలుగడుగులు ముందు నడిచింది.

కట్టు విప్పిన రోజునుంచీ ఇల్లు ఇల్లులా లేదు. గోడకు రంగు ఉందని, అది తెలుపు కాదని, ఇన్నాళ్ళూ తనకెవరూ చెప్పలేదని అందరిమీదా నేరం మోపింది. ఎదురింటి డాబా మీద బట్టలకు పెట్టిన క్లిప్పులు లెక్కపెట్టింది. చెట్టంటే ఆకుపచ్చ ముద్ద కాదట, విడివిడిగా ఆకులట, ఒక్కోటి ఒక్కోలా ఊగుతుందట. ఆడపడుచు మొహంలోకి తేరిపార చూసి, నీకు మీసాలున్నాయే అనేసింది. వదినకు కళ్ళొచ్చి నెత్తికెక్కాయని ఆడపడుచు వారం రోజులు మాట్లాడలేదు. ఆ ఉత్సాహంలోనే నాలుగో రోజు, ఇంటి కళ్ళజోడూ, షెడ్డులో కుళాయికి వేలాడుతున్న సోడాబుడ్డి జోడూ రెండూ తీసుకెళ్ళి, అవసరమైన వాళ్ళకిమ్మని కంటి ఆస్పత్రి డబ్బాలో పడేసి చేతులు ఊపుకుంటూ వచ్చింది. జోడు తీసినప్పుడు కుళాయి తెరవలేదు. బండి తీయడం లేదు కదా, తెరవడమెందుకు?

ఆరు వారాలు బండి ముట్టుకోకూడదని డాక్టరు చెప్పాడు. ఆ ఆరు వారాలూ ఒక ఎత్తు, చివరి సాయంత్రం ఒక ఎత్తు. టైర్లలో గాలి పట్టింది, చెయిను సవరించింది, నూనె టాంకు మూత తీసి చూసింది. నిండుకుండలా ఉంది. ఆరు వారాలైనా ఒక్క చుక్క జారలేదు చూశారా, నా కుళాయంటే ఏమనుకున్నారని భర్తను పిలిచి మరీ చూపించింది. ఆయన తలూపాడు.

మర్నాడు ఉదయం ఆయన వచ్చాడు. ఉతికిన చొక్కా, బిగించి కట్టిన బూట్లు, తలకు హెల్మెట్టు, మోకాళ్ళకు అట్టముక్కలు పెట్టి కట్టిన గుడ్డలు. గట్టి అట్టలే, పెద్ద పుస్తకాలకు వేసేవి. ఆవిడకు నవ్వు ఉబికి వచ్చింది, పెదవి కొరుక్కుని ఆపుకుంది. మూడో కిక్కుకు బండి అందుకుంది. గుడ్ గుడ్ గుడ్‌మని చప్పుడు మొదలైంది. మూత తీసి నూనె వస్తోందో లేదో చూద్దామని తిరిగేసరికి, ఆయన అప్పటికే ఎక్కి కూర్చుని ఉన్నాడు! కళ్ళు గట్టిగా మూసుకుని, సీటు అంచులు పట్టుకుని. నూనె టాంకు మూత సరిగ్గా ఆయన కుడితొడ కింద ఉంది. దిగమంటే దిగుతాడు. దిగితే మళ్ళీ ఎక్కుతాడా? ఇరవై ఎనిమిదేళ్ళు ఎదురుచూసి, రెండు చుక్కల నూనె కోసం ఈ మనిషిని పోగొట్టుకోవడమా? ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. ముందుకెక్కి గేరు వేసేసింది.

కుళాయి మూసే ఉంది.

వీధి దాటేసరికి ఆవిడకు ఒళ్ళు తెలియలేదు. వెనక మనిషి బరువు, ముందు లోకమంతా కొత్త. కళ్ళు మూసుకున్న మనిషికి పాపం ఏమీ కనపడదు కదా అని, కనపడినదల్లా వరసగా చెప్పుకుంటూ పోయింది. ఆ గేటుకు నంబరు తలకిందులుగా ఉందండీ. ఆ కరెంటు తీగమీద పదకొండు పిట్టలున్నాయండీ, ఒకటి వెనక్కి తిరిగి కూర్చుంది. మంగలిషాపు అద్దంలో మనిద్దరం వెళ్ళామండీ, మీరు ముడుచుకున్న గొడుగులా ఉన్నారు. అన్నిటికీ వెనకనుంచి "ఊ" అని ఒకే జవాబు వస్తోంది. ఆ ‘ఊ’కు కూడా ఆవిడ మురిసిపోయింది. పట్టాలమీది వంతెన ఎక్కి దిగారు. ఊరు పలచబడింది. గుట్ట కనిపించింది, దానిమీద నీళ్ళట్యాంకు, దాని మెట్లు, మెట్లకున్న కమ్మీలు కూడా. ఆవిడ గొంతెత్తి పాడబోయి, రాగం తోచక ఈల వేసింది.

"ఆపు," అన్నాడు ఆయన.

భయమేసి ఉంటుందనుకుంది. ఇంకెంతో లేదు, గట్టిగా పట్టుకోండి అంది. అసలు ఆపడమా? ఆగితే షరతు ప్రకారం ఆయన నడిచి వెళ్ళిపోతాడు. ఇదిగో వచ్చేశాం, మలుపు తిరిగితే ఎత్తు మొదలు, అని వేగం ఇంకాస్త పెంచింది.

ఆయన సీటు వదిలేశాడు. ఆవిడ భుజాలు రెండు చేతులతోనూ పట్టుకున్నాడు.

"భయం కాదు. చప్పుడు బాగాలేదు. నీళ్ళు పోయకుండా గిన్నెలు తోముతున్నట్టుంది. ఆపు."

ఆవిడ ఈల ఆపి విన్నది. నిజమే. పైన సిలిండరు నెత్తిమీద కవాటాలను కదిపే టాపెట్ల దగ్గర టకటకా ఎండు చప్పుడు. ఎంతసేపటినుంచి ఉందో! ఒక్క క్షణంలో కుళాయి, ఆస్పత్రి డబ్బా, ఆయన తొడ కింద మూత, అన్నీ కళ్ళముందు తిరిగాయి. క్లచ్చి నొక్కి, ఇంజను ఆపేసి, బండిని పక్కకు పోనిచ్చింది. అది చడీచప్పుడు లేకుండా పదిగజాలు దొర్లి ఒక గోడ పక్కన ఆగింది.

సిలిండరు సెగలు కక్కుతోంది. దగ్గరికి చేయి కూడా పోవడం లేదు. ఆవిడ నేలమీద చతికిలబడి, కుళాయి తెరిచి, జరిగిందంతా ఆయనకు చెప్పేసింది. కళ్ళజోడు ఉపాయం, దాన్ని పారేసిన తెలివి, మూత చూడకుండా బయల్దేరిన తొందర, ఏదీ దాచలేదు. బిరుదులిమ్మన్న నోటితోనే తనను తాను చెడామడా తిట్టుకుంది. ఆయన మోకాళ్ళ అట్టలు విప్పి, ఒకటి ఆవిడ కూర్చోవడానికి వేసి, ఒకటి తను వేసుకున్నాడు. సెగ తగ్గేదాకా చేయగలిగింది లేదు. ఇద్దరూ గోడ నీడన కూర్చున్నారు.

నాకే తెలియని చప్పుడు మీకెలా తెలిసింది, అని అడిగింది కాసేపటికి.

 ఆయన గోటికంటిన జిగురు గీక్కున్నాడు.

"ప్రతి ఆదివారం నువ్వు బండి తీసినప్పట్నుంచి, వంతెన దిగేదాకా వినపడుతుంది నాకు. కుట్టడం ఆపేసి వింటాను. మళ్ళీ వచ్చేటప్పుడు వంతెన మీదినుంచి వింటాను. ఆ మధ్యలో ఒక్క పుటా కుట్టలేను. నీకు దాని నూనె తెలుసు గానీ, దాని చప్పుడు నీకంటే నాకే ఎక్కువ తెలుసు."

ఆవిడ ఆయన వంక చూసింది. చూపొచ్చాక చెట్లూ, క్లిప్పులూ, పిట్టలూ, ఆడపడుచు మీసాలూ అన్నీ చూసింది గానీ, ఈ మొహాన్ని ఇంత దగ్గరగా ఇంతసేపు చూడలేదు. కళ్ళ కింద సన్నటి గీతలున్నాయి. ఇరవై ఎనిమిదేళ్ళ ఆదివారాలు. ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే వెళ్తున్నాననుకున్నానే అని ఆవిడకు ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది, వెంటనే పట్టలేనంత సంతోషం కూడా వేసింది. ఆయన చొక్కా చేతికే మొహం తుడుచుకుంది.

సిలిండరు చల్లబడ్డాక పని మొదలైంది. సీటు కింది సంచీలోంచి స్పానరు తీసి, పంపు దగ్గర పైపు బిగింపు కాస్త వదులు చేసింది. ముందు గాలిబుడగలు వచ్చాయి, తర్వాత నూనె నురగగా, తర్వాత నిండుగా కారింది. మళ్ళీ బిగించింది. ప్లగ్గు విప్పి ఆ రంధ్రంలోంచి సిలిండరులోకి రెండు చెంచాల నూనె పోసింది. ఇక మిగిలింది ఒక్కటే, కిక్కు రాడ్డు కిందికి దిగుతుందా లేదా. దిగకపోతే మూడు గోనెసంచులే. ఆవిడకు కాలు పెట్టడానికి ధైర్యం చాలక చేత్తో పట్టుకుంది. ఆ చేతిమీద ఆయన చేయి వేశాడు. ఇద్దరూ కలిసి మెల్లగా నొక్కారు.

దిగింది. ప్లగ్గు రంధ్రంలోంచి తుస్సుమని గాలి, దాంతోపాటు నాలుగు నూనె తుంపర్లు లేచి ఆయన ఉతికిన చొక్కా మీద పడ్డాయి. ఆయన చూసుకుని పకపకా నవ్వాడు. ఆవిడ ఇంకో పదిసార్లు ఊరికే నొక్కించింది, నూనె అంతటా పాకడానికి. తర్వాత ప్లగ్గు బిగించి కిక్కు కొట్టింది. అందుకుంది. ఈసారి ఆవిడ వంగేలోపే ఆయన నూనె టాంకు మూత తీసి, హెల్మెట్టు అడ్డం వస్తే తీసి పక్కనబెట్టి, లోపలికి తొంగిచూశాడు.  పది లెక్కపెట్టేంతసేపు ఏమీ లేదు. తర్వాత ఆయన మొహం విచ్చుకుంది.

వస్తోంది, ఉమ్ముతోంది, అన్నాడు. పైన ఎండు చప్పుడు పోయి, గుడ్ గుడ్ గుడ్‌మని పాత చప్పుడే నిలబడింది. అది సరైన చప్పుడేనా అని ఆవిడ ఆయన్నే అడిగింది. ఆయన తల పక్కకు వంచి విని, అవునన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది షరతు. గుర్తులేనట్టు నటించడం ఆవిడకు చేతకాదు. మీరన్నట్టు బండి ఆగింది కదా, మాటంటే మాటే, ఇంటికి నడిచి వెళ్ళిపోండి, నేను మెల్లగా మీ పక్కనే తోసుకుంటూ వస్తాను, అని ఏడవలేక నవ్వుతూ అంది.

ఆయన మూత బిగించి, చేతికంటిన నూనె తన చొక్కాకే తుడుచుకున్నాడు.

"బండెక్కడ ఆగిందోయ్? నేను ఆపించాను. అది వేరు," అని, వెనక ఎక్కి కూర్చున్నాడు.